ఈ ఏడు జావ తేవద్దు

న్యూయార్క్,
12 మార్చి 1999

బావగారికి,

గ్వాంగ్‌యావ్ నమస్కారం చేసి రాస్తున్నది. ఫోన్ చేసినప్పుడల్లా మీ అమ్మాయి రుయిషిన్ ఎత్తుతోంది. "నాన్న పడుకున్నారు మామయ్యా" అంటుంది. సాయంత్రం అన్నాల వేళకి పడుకునే మనిషి కాదు మీరు. నాతో మాట్లాడటం ఇష్టం లేదని అర్థమైంది. ఉత్తరమైతే చింపేలోపు నాలుగు వాక్యాలైనా కళ్ళబడతాయని రాస్తున్నాను.

అక్క పోయిన కబురు హోటల్ వంటింట్లో ఉండగా అందింది. చేతిలో పీత ఉంది. అక్కడే కూలబడ్డాను. "ఏడవాలంటే వెనక సందులోకి పో, ఇక్కడ సూపులో ఉప్పు సరిపోయింది" అన్నాడు మా పెద్ద వంటవాడు. ఇక్కడి మనుషులు ఇలా ఉంటారు. ఆయనా మన జిల్లావాడే. నేను రాలేకపోయాను బావగారూ. కేసు తేలకుండా ఈ దేశం దాటితే మళ్ళీ లోపలికి రానివ్వరు.

ఆ కేసు గురించే ఈ ఉత్తరం. చర్చి ప్రార్థనలకి వెళ్ళినందుకు పోలీసులు నన్ను పట్టుకెళ్ళి వేళ్ళు విరగ్గొట్టారని, అందుకే ఆశ్రయం ఇమ్మని అడిగాను. అది నిజమని మీకు తెలుసు. కట్టు కట్టించింది మీరే. జడ్జి కూడా నమ్మినట్టే ఉన్నాడు. కానీ విమానం దిగిన రోజున ఊళ్ళో ఏం పని చేసేవాడివని అడిగితే, కుటుంబ నియంత్రణ ఆఫీసులో అని నోరు జారాను. ఇప్పుడు సర్కారు లాయరు ఆ ముక్క పట్టుకుని వదలడం లేదు. ఇక్కడి చట్టం ఏమిటంటే, ఇతరుల్ని హింసించే పనిలో చెయ్యి పెట్టినవాడికి ఆశ్రయం లేదట. తర్వాత వాడికెన్ని దెబ్బలు తగిలినా సరే, ఆ తలుపు మూసుకుపోయినట్టేనట.

మా లాయరమ్మ ఒక దారి చెప్పింది. బాధపడ్డ ఇంటివాళ్ళు నా తరఫున వాంగ్మూలం రాసిస్తే విలువ ఎక్కువట. ఆ ఏడాది అక్క పట్టుబడకుండా నేను ముందే హెచ్చరించాననీ, ఆ పని ఇష్టం లేకుండా చేశాననీ మీరు రాసి సంతకం పెట్టాలి. విచారణ అక్టోబరులో. ఇది పోతే నన్ను విమానం ఎక్కిస్తారు. దిగగానే ఎవరు ఎదురొస్తారో మీకు తెలుసు. ఈసారి వేళ్ళతో ఆగరు.

అమ్మని అడిగానని చెప్పండి. ఆవిడ మోకాళ్ళకి ఇక్కడి తైలం ఒకటి పంపుతాను.

మీ బావమరిది
గ్వాంగ్‌యావ్


షాంగ్‌పు,
3 ఏప్రిల్ 1999

గ్వాంగ్‌యావ్,

ఉత్తరం అందింది. అత్తయ్యకి చదివి వినిపించాను. పీత దగ్గర ఏడ్చింది. కేసు గురించి ఏమీ అర్థం కాలేదని చెప్పింది. రుయిషిన్ చదువుకుంటోంది. నేను బడికి వెళ్తున్నాను. మా క్షేమం అంతే.

మన ఊళ్ళో పెళ్ళైన ఆడది పోతే, పుట్టింటి నుంచి అన్నో తమ్ముడో వచ్చి, మొహం చూసి, సరే అన్నాకే శవపెట్టె మూత వేస్తారు. ఆమెని మేము సరిగ్గా చూసుకున్నామని ఒప్పుకోవలసింది మీ ఇంటివాడు. పెద్దలు నీ కోసం అడిగారు. రావడం లేదని చెప్పాను. అత్తయ్య వెళ్ళి మూత మీద చెయ్యి వేసింది. తల్లి చేత ఆ పని చేయించడం ఈ ఊరు ఇదివరకు చూడలేదు.

ఇక నీ వాంగ్మూలం. 1990లో నువ్వు ఆ ఆఫీసులో ఏం చేశావో నాకు తెలుసు. గర్భంతో ఉన్న ఆడవాళ్ళని పట్టుకొచ్చి ధాన్యం గోదాం మేడ మీద గదిలో పెట్టేవారు. డాక్టరు వచ్చేవరకు వాళ్ళు పారిపోకుండా నువ్వు తలుపు దగ్గర కూర్చునేవాడివి. మెయ్‌లాన్‌ని తెచ్చిన రోజు కూడా అక్కడే కూర్చున్నావు. ఆమె నీ అక్క. ఏడో నెల. రెండో బిడ్డ. పుట్టవలసింది మగపిల్లవాడని తర్వాత నర్సు చెప్పింది. నేనడగలేదు.

నువ్వు హెచ్చరించలేదు. లేనిది రాయను.

నీ వేళ్ళ సంగతి ఎవరడిగినా రాస్తాను. అది నేను చూశాను.

ఒక విషయం గమనించావో లేదో. మీ అక్క ప్రాణాలతో ఆ దేశం వెళ్ళి జరిగింది చెప్పుకుంటే లోపలికి రానిచ్చేవారు. అదే చట్టం నిన్ను రానివ్వనంటోంది. చట్టంలో నాకు తప్పు కనబడలేదు.

తైలం పంపకు.

షిచెంగ్


న్యూయార్క్,
25 ఏప్రిల్ 1999

బావకి,

గౌరవంగా రాస్తే ఇలాంటి జవాబు వచ్చింది కాబట్టి ఇక మీరూ గీరూ వదిలేస్తున్నాను. భౌతికశాస్త్రం మాస్టారివి కదా, నీకు అన్నీ కొలిచినట్టే ఉండాలి. మనుషుల్ని కూడా స్కేలు పెట్టి కొలుస్తావు.

హెచ్చరించలేదా? నేను అమ్మతో కబురు పెట్టాను. "ఈ ఏడు జావ తేవద్దని అక్కకి చెప్పు" అన్నాను. అంతకంటే తేటగా ఎలా చెబుతారు? మొదటి నెల ఇరవై తొమ్మిదిన పెళ్ళైన ప్రతి కూతురూ తీపి జావ వండుకుని పుట్టింటికి వస్తుంది. ఎక్కడ దాక్కున్నదైనా ఆ రోజు బయటికొస్తుంది. అలాంటి రోజున రావద్దని సొంత తమ్ముడు కబురు పెడితే, ఎందుకో అర్థం చేసుకోలేనంత వెర్రిదా అక్క? కాదు. ఆవిణ్ణి ఎవరో పంపించారు.

ఎవరు పంపారో చెప్పనా? సర్కారు మాస్టారికి రెండో బిడ్డ పుడితే ఉద్యోగం ఊడుతుంది. ఆ నెలంతా మీ హెడ్‌మాస్టరు నిన్ను పిలిపించి పిలిపించి కూర్చోబెట్టాడు, ఊరంతా చూసింది. నువ్వు కొండ మీద మీ పిన్ని ఇంట్లో దాచిన మనిషి సరిగ్గా ఆ రోజే, సరిగ్గా మా వంతెన మీదకే ఎలా వచ్చింది? బిడ్డ పోయింది, నీ ఉద్యోగం ఉంది. ఇన్నేళ్ళూ నేను ఈ మాట పైకి అనలేదు, అక్క మొహం చూసి. ఇప్పుడావిడ లేదు.

నేను తలుపు దగ్గర కూర్చున్నాను, నిజం. నువ్వు నల్లబల్ల దగ్గర నిలబడ్డావు. ఇద్దరికీ జీతం ఒకే సర్కారు ఇచ్చింది.

వాంగ్మూలం రాయి. నాకు ఋణపడ్డావు.

గ్వాంగ్‌యావ్


షాంగ్‌పు,
20 మే 1999

గ్వాంగ్‌యావ్,

నీ ఉత్తరం ఒక్కసారే చదివాను.

ఉద్యోగం పోతుందని తెలిసే ఆమెని మా పిన్ని ఇంట్లో ఉంచాను. పోయాక చేపల వలలు అల్లుకుని బతకవచ్చని మేమిద్దరం అనుకున్నాం. మెయ్‌లాన్‌కి అల్లడం వచ్చు. నాకు నేర్పడం కూడా మొదలుపెట్టింది. నా ముడులు నిలిచేవి కావు. "మీరు పాఠాలే చెప్పండి, చేపలు మీ క్లాసులోంచి పారిపోతాయి" అనేది.

ఆ రోజు నేను తరగతిలో ఉన్నాను. ఆమె కొండ దిగిందని నాకు తెలియదు. నాతో చెప్పలేదు. చెబితే వద్దంటానని చెప్పలేదనుకున్నాను.

వంతెన దగ్గర ఏం జరిగిందో ఆమె చెప్పలేదు. ఆమెతో పాటు పట్టుబడిన చేపల షువే చెప్పింది. మీ ఆఫీసు మనుషులు వంతెనకి రెండు వైపులా నిలబడ్డారు. బుట్టల్లో జావ గిన్నెలతో వచ్చిన ఆడవాళ్ళని పొట్టలు చూసి ఏరారు. ట్రాక్టరు వచ్చేవరకు పనిలేక వాళ్ళ గిన్నెలు విప్పి జావ తిన్నారు. మెయ్‌లాన్ జావలో ఎర్ర ఖర్జూరాలు ఎక్కువ పడ్డాయని ఒకడు మెచ్చుకున్నాడు. మీ నాయకుడు హాన్ ఉత్తరాది మనిషి. అతనికి ఈ పండగ పేరు కూడా తెలియదు. ఆ రోజు వంతెన కాస్తే చాలని అతనికి మన వాళ్ళలో ఎవడో చెప్పి ఉండాలి.

కబురు సంగతి. నువ్వు కబురు పంపి ఉంటే నాకు ఈ తొమ్మిదేళ్ళలో తెలిసేది. అత్తయ్యని అడగమంటావేమో, అడగను. కొడుకుని కాపాడుకోవడానికి తల్లి ఏదైనా చెబుతుంది.

ఈ ఊళ్ళో నీకు నేను ఋణపడ్డది ఏమీ లేదు.

షిచెంగ్


న్యూయార్క్,
14 జూన్ 1999

బావకి,

అడగనంటావు. అడగడానికి భయం. ఆవిడ నిజం చెబితే ఇన్నాళ్ళూ నన్ను తిట్టుకుంటూ తిన్న అన్నం అరగదు.

నీ ఇంట్లో, నీ చేతి కింద అన్నం తింటున్న ముసలావిడ నా కోసం అబద్ధం చెబుతుందట. నువ్వు మా అమ్మని ఎంత చక్కగా ఎరుగుదువు మాస్టారూ. చిన్నప్పుడు పక్కింటి బాతుగుడ్డు దొంగిలించానని నన్ను చెవి పట్టుకుని ఊరంతా తిప్పింది ఆవిడే.

ఎవడో చెప్పి ఉండాలన్నావు కదా. నేనే చెప్పాను. ఇదిగో, రాసిచ్చేశాను, కడుపు నిండిందా? ఎందుకు చెప్పానో కూడా విను. అక్క దొరకలేదని నాన్నని తెచ్చి గోదాం కింది గదిలో పడేశారు. దానికి "చదువుల క్లాసు" అని పేరు. నాన్న అక్షరం ముక్క నేర్చుకోలేదు, నిమోనియా మాత్రం తెచ్చుకున్నాడు. ఆయనకి ఆ ఏడు యాభై తొమ్మిది, తొమ్మిదితో ముగిసే వయసంటే గండం. నేను పై మెట్ల మీద కూర్చుంటే కింద ఆయన దగ్గు వినబడేది. హాన్ అన్నాడు, "మీ అక్క లేకపోతే పోయింది, మిగతావాళ్ళని పట్టే ఉపాయం చెప్పు, ముసలాణ్ణి వదిలేస్తా." నేను పండగ సంగతి చెప్పాను. చెప్పిన గంటలో అమ్మ దగ్గరికి పరిగెత్తి, అక్కని రావద్దనమన్నాను. నాన్న ఇంటికొచ్చాడు. నువ్వైతే ఏం చేసేవాడివి? సూత్రం రాసుకునేవాడివి.

అక్క నన్ను ఒక్క మాట అనలేదు. మరుసటి ఏడు జావ తెచ్చింది, నాకూ గిన్నెలో పోసింది. నేను తిన్నాను. క్షమించింది కాబట్టే పోసింది. నువ్వు మధ్యలో ఎవరు?

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. వంటింట్లో పీతల కంటే ముందు మేమే ఎర్రబడుతున్నాం. గడువు దగ్గరపడుతోంది. అమ్మని అడుగు.

గ్వాంగ్‌యావ్


షాంగ్‌పు,
11 జులై 1999

గ్వాంగ్‌యావ్,

అడిగాను.

అత్తయ్య బీన్స్ ఈనెలు తీస్తోంది. ఎదురుగా కూర్చుని, ఆ ఏడు గ్వాంగ్‌యావ్ మీతో ఏమైనా కబురు పెట్టాడా అన్నాను. ఆమె చేతులు ఆగలేదు.

"పెట్టాడు నాయనా. అక్కని జావ తేవద్దనమన్నాడు."

"మీరు చెప్పారా?"

"ఎలా చెప్పను? గుమ్మంలో ఆ ఉత్తరాది మనిషి ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాడు. ఎవరొచ్చినా చెవి ఇటు పెట్టేవాడు. కొండ మీదకి ఎండుచేపలు మోసుకెళ్ళే ముసలమ్మ వచ్చింది. దాని చెవిలో ఒక్క ముక్క వేశాను, ఈ ఏడు జావ తేవద్దని. ఎందుకో చెప్పే వ్యవధి లేదు."

"మరి ఎందుకొచ్చింది?"

అప్పుడు ఆమె చేతులు ఆగాయి.

"మాస్టారివి, అన్నీ నేనే చెప్పాలా? మీ మామగారికి యాభై తొమ్మిదో ఏడు. గండం దాటాలంటే ఆ ఏడు కూతురి చేతి జావ తినాలి. అలాంటి ఏడు జావ వద్దని పుట్టింటి నుంచి కబురొస్తే ఏ ఆడపిల్లయినా ఏమనుకుంటుంది? నీ మూలంగా నన్ను కొట్టులో పెట్టారు, ఇక నీ మొహం చూడను, నాకు కూతురు లేదు. అదే దానర్థం. దానికి వేరే అర్థం మన ఊళ్ళో లేదు. అది తండ్రి కాళ్ళ మీద పడదామని వచ్చింది. ఖర్జూరాలు రెట్టింపు వేసి వండుకొచ్చింది."

ఆమె ఇది ఊహించి చెప్పడం లేదు. గోదాం నుంచి ఇంటికి తెచ్చి పడుకోబెట్టాక మెయ్‌లాన్ మొదట అడిగిన మాట, "నాన్నకి కోపం పోయిందా అమ్మా" అని. నేను వచ్చేసరికి ఆమె నిద్రపోతోంది.

ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదని అడిగాను. "ఒకడు కొడుకు, ఒకడు అల్లుడు. నడుమ నా కబురు. ఎటు తీసినా నా చేతికే తగిలేది" అంది. మళ్ళీ బీన్స్ అందుకుంది. నేను లేచి బియ్యం కడిగాను.

కనక, నువ్వు కబురు పంపిన మాట నిజం. పంపలేదని రెండుసార్లు రాశాను, తప్పు. నేను ఆమెని పంపానని నువ్వు రాసింది కూడా తప్పు. నువ్వు ఒప్పుకుంటావో లేదో నాకు పట్టింపు లేదు.

నీకు కావలసిన వాంగ్మూలం రాసి, పాఠశాల ముద్ర వేయించి, దీనితో పంపుతున్నాను. నీ దగ్గర ఒక నకలు ఉండాలని ఇక్కడ కూడా ఎత్తి రాస్తున్నాను.

"నేను వెంగ్ షిచెంగ్, ఉపాధ్యాయుణ్ణి. జువో గ్వాంగ్‌యావ్ నా భార్య తమ్ముడు. 1990లో ఇతని తండ్రిని కుటుంబ నియంత్రణ ఆఫీసు నిర్బంధించింది. ఆయన్ని విడిపించుకోవడానికి, గర్భవతులు పుట్టిళ్ళకి వచ్చే పండగ రోజున వంతెన కాయమని ఇతను నాయకుడికి చెప్పాడు. తన అక్కని మాత్రం ఆ రోజు రావద్దని తల్లి ద్వారా హెచ్చరించాడు. హెచ్చరిక వేరుగా అర్థమై ఆమె వచ్చింది. పట్టుబడినవారికి బలవంతంగా గర్భస్రావం చేసేవరకు వారు పారిపోకుండా ఇతను తలుపు వద్ద కాపలా ఉన్నాడు. తర్వాత ఉద్యోగం మానేశాడు. 1997లో చర్చికి వెళ్ళినందుకు పోలీసులు ఇతని వేళ్ళు విరగ్గొట్టారు. ఆ చేతిని నేను చూశాను. పంపిస్తే మళ్ళీ కొడతారని నా నమ్మకం."

ఇందులో అబద్ధం లేదు. ఇస్తావో చింపుతావో నీ ఇష్టం. ఇంకొకటి అడగకు.

షిచెంగ్


న్యూయార్క్,
9 ఆగస్టు 1999

బావకి,

సంతోషంగా ఉందా? నీ వాంగ్మూలం లాయరమ్మ టేబుల్ మీద పెట్టాను. దుబాసీ ఒక్కొక్క వాక్యం చదువుతుంటే ఆవిడ కళ్ళజోడు తీసేసింది. "ఇది మీ బావగారు రాశారా, సర్కారు లాయరు రాశాడా?" అని అడిగింది.

నేను అడిగింది హెచ్చరించానని రాయమని. నువ్వు రాశావు, కానీ ఎలా రాశావు. ఆవిడ చెప్పింది విను. రావద్దని అక్కకి చెప్పావంటే, వస్తే ఏమవుతుందో నీకు ముందే తెలుసన్నమాట. తెలిసే మిగతావాళ్ళని రానిచ్చావన్నమాట. చెయ్యి పెట్టడమంటే ఇక్కడి చట్టంలో అదేనట. తలుపు దగ్గర కూర్చున్నవాడికైనా వాదన ఉంటుంది, వల ఎక్కడ వేయాలో చెప్పినవాడికి ఉండదట. నేను ఏ తాడు కోసం నిన్ను బతిమాలానో ఆ తాడుకే ముడి వేసి పంపావు. వలల ముడులు నిలవవన్నావు కదా, ఇది బాగా నిలిచింది.

ఇంకా టైముంది. సగం చాలు. కబురు పంపాడు, వేళ్ళు విరిగాయి, ఈ రెండూ ఉంచి మిగతాది తీసేసి రాయి. అబద్ధం చెప్పమనడం లేదు. తక్కువ చెప్పమంటున్నాను. నువ్వు జీవితమంతా తక్కువ మాట్లాడే మనిషివే కదా, ఒక్కసారి నా కోసం తక్కువ మాట్లాడు.

అమ్మకి ఒక్కగానొక్క కొడుకుని నేను. ఆవిడ మొహం చూసైనా రాయి.

గ్వాంగ్‌యావ్


షాంగ్‌పు,
2 సెప్టెంబరు 1999

గ్వాంగ్‌యావ్,

సగం రాయను.

నేను ఆ కాగితం నిన్ను దెబ్బతీయడానికి రాశానని నువ్వు అనుకుంటున్నావు. రాసేటప్పుడు మీ లాయరు ఏమంటుందో ఊహించాను. అయినా రాశాను. కాబట్టి నువ్వు అనుకున్నది పూర్తిగా తప్పని చెప్పలేను.

చేపల షువే ఇప్పుడు మా బడి గేటు పక్కన కూర్చుంటుంది. ఆ రోజు తర్వాత ఆమెకి పిల్లలు కలగలేదు. మొగుడు ఇంకొకతెను తెచ్చుకున్నాడు. మొన్న ఆమెని అడిగాను, నీకు ఎవరైనా ముందుగా కబురు చెప్పారా అని. "నాకెవరు చెబుతారు మాస్టారూ, మా తమ్ముడికి ఆఫీసులో ఉద్యోగమా ఏమన్నానా" అంది. నవ్వుతూనే అంది. చేప పొలుసు తీయడం ఆపలేదు. ఆమె నీ పేరు ఎత్తలేదు. ఎత్తనవసరం లేదని ఇద్దరికీ తెలుసు.

నీ ఉత్తరాలన్నిట్లో అక్క, నాన్న, అమ్మ, నువ్వు. ఆ మేడ మీద గదిలో ఇంకెవరూ లేనట్టు రాస్తావు. ఆ గదిలో ఉన్నవాళ్ళంతా ఎవరికో అక్కలే.

మెయ్‌లాన్ నీకు జావ పోసింది క్షమించి కాదు. నిన్ను వదిలేస్తే అత్తయ్యకి ఎవరుంటారని. నాతో అలాగే అంది. ఇది చెప్పకూడదనుకున్నాను. నువ్వు ఆమె క్షమని కోర్టుకి తీసుకెళ్తావని తోచి చెబుతున్నాను.

అత్తయ్యకి మోకాలి నొప్పి తగ్గింది. రుయిషిన్ ఆమెకి రోజూ కాళ్ళు పడుతోంది.

షిచెంగ్


న్యూయార్క్,
15 నవంబరు 1999

పూజ్యులైన బావగారికి,

గెలిచాను. మొన్న జడ్జి సంతకం పెట్టాడు. ఇక నన్ను ఎవరూ విమానం ఎక్కించలేరు. అమ్మకి మీ నోటితోనే చెప్పండి, నేను ఫోన్లో చెబితే ఏడ్చి పెట్టేస్తుంది.

మిమ్మల్ని చాలా మాటలన్నాను. భయంలో అన్నాను, మనసులో పెట్టుకోకండి. మీ వాంగ్మూలం వాళ్ళకి ఇవ్వలేదు. లాయరమ్మకి ఆ కాగితం అసలు లేదనుకోమని చెప్పి తిరిగి తెచ్చేసుకున్నాను. ఆవిడ వద్దంది, ఈ కేసు నేను వాదించనంది. వేరే లాయరుని పెట్టుకున్నాను, మనవాడే. తెలివైనవాడు. నా పాత కాగితాలన్నీ తిరగేసి, మొదట్లో ఏజెంటు నా దరఖాస్తు నింపినప్పుడు తోబుట్టువుల గడి ఖాళీగా వదిలేశాడని చూశాడు. "ఇదే నీ అదృష్టం, దీన్ని ఇలాగే ఉంచుదాం" అన్నాడు.

విచారణలో సర్కారు లాయరు నన్ను గంటసేపు దులిపాడు. ఆ ఏటి వంతెన సంగతి ఏదో పాత నివేదికలో అతనికి దొరికిందట. ఆఫీసులో ఏం చేసేవాడివి? ఊడ్చి, నీళ్ళు కాచేవాణ్ణి. తలుపు దగ్గర ఎవరు కూర్చునేవారు? హాన్ మనుషులు. వంతెన దగ్గర పట్టుకుంటారని తెలుసా? తెలియదు. చివరికి జడ్జే అడిగాడు, మెల్లగా అడిగాడు, మంచి మనిషి: "మీ ఇంటి ఆడవాళ్ళెవరైనా ఆ రోజు వచ్చారా? ఎవరినైనా రావద్దని హెచ్చరించారా?" నేను అన్నాను, "హెచ్చరించడానికి నాకెవరున్నారయ్యా? నేను ఒక్కడినే. నాకు అక్కచెల్లెళ్ళు లేరు." దుబాసీ చెప్పాడు. జడ్జి రాసుకున్నాడు. అంతే, అక్కడితో వంతెన సంగతి ముగిసింది.

అక్క ఉంటే ఆవిడే అలా చెప్పమనేది. ఆవిడ సంగతి నాకు తెలుసు. పోయినవాళ్ళకి ఒక మాటతో పోయేదేముంది, ఉన్నవాడికి ప్రాణం నిలిచింది.

ఇప్పుడు మీరొక సాయం చేయాలి. ఒక్కోసారి ఇక్కడి నుంచి మన దేశంలో ఉన్న అమెరికా ఆఫీసుకి రాసి విచారిస్తారట. ఎవరైనా వచ్చి అడిగితే మీరు మా ఊరి మాస్టారు, అంతే. చుట్టరికం ఏమీ లేదు. అమ్మకి కూడా నేర్పండి, ఒక్కడే కొడుకు, వేరే పిల్లలు లేరని. రుయిషిన్‌కి కూడా. నన్ను మామయ్య అనవద్దని, ఫోన్లో కూడా.

ఆరోగ్యం జాగ్రత్త. చలికాలంలో బడికి సైకిలు మీద వెళ్ళకండి.

మీ
గ్వాంగ్‌యావ్


షాంగ్‌పు,
8 డిసెంబరు 1999

జువో గ్వాంగ్‌యావ్ గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు గెలిచారని మీ అమ్మగారికి చెప్పాను. చాలాసేపు సంతోషించారు. ఇరుగుపొరుగుకి చెప్పి వచ్చారు. తర్వాత, "జడ్జి దగ్గర ఏం చెప్పి గెలిచాడట?" అని నన్ను అడిగారు. తెలియదన్నాను. ఆ అబద్ధం మీ కోసం చెప్పింది కాదు.

వేరే పిల్లలు లేరని చెప్పడం ఆమెకి నేర్పమన్నారు. నేర్పను. నాకు చేతకాదు. ఎవరైనా వచ్చి అడిగితే ఆమె తలుపు తీయకుండా నేను చూస్తాను. ఆమె ఇక్కడే ఉంటారు. ఆ సంగతి మీరు అడగలేదు, అయినా తెలియజేస్తున్నాను.

రుయిషిన్‌కి ఉత్తరం చూపించాను. పదిహేనేళ్ళు వచ్చాయి, దాచడం ఎందుకనిపించింది. చదివి మడిచి ఇచ్చేసింది. ఇకమీదట ఫోన్ మోగితే నేనే ఎత్తుతాను.

నా మటుకు నేను మీరు కోరినట్టే చెబుతాను. ఇందులో నాకు కష్టం లేదు. మీరు జడ్జి ముందు ప్రమాణం చేసి చెప్పిన తర్వాత అది అబద్ధం కూడా కాదు. అక్క లేనివాడికి బావ ఉండడు.

మీరు రాయదలచుకుంటే మాస్టారని రాయండి. ఈ ఊళ్ళో చుట్టరికం లేనివాళ్ళందరూ నన్ను అలాగే పిలుస్తారు.

వెంగ్ షిచెంగ్
భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు
షాంగ్‌పు పాఠశాల